అడగకుండా కొన్న బండి

కళ్లజోళ్లాయన ఆ ఉదయం దుకాణం షట్టరు సగం ఎత్తి, మిగతా సగం ఎత్తే ముందు అలవాటు ప్రకారం నడుం మీద చెయ్యి వేసుకుని ఆయాసం తీర్చుకుంటున్న సమయంలో, మెట్ల ముందు ఒక మోటారు సైకిలు వచ్చి ఆగింది. ఆగింది అనడం మర్యాద కోసం, నిజానికి ఆగిపోయింది. ఇంజను ఒకసారి దగ్గి, ఒకసారి తుమ్మి, నోరు మూసుకుంది. దాని మీద ఉన్న మనిషి హెల్మెట్టు ఊడదీయడానికి చాలాసేపు పెనుగులాడాడు. చెవులు లోపలే ఉండిపోతాయేమో అన్నంత గట్టిగా లాగిన తర్వాత బయటపడ్డ ముఖాన్ని చూసి, కళ్లజోళ్లాయన షట్టరు వదిలేశాడు. అది గడగడా కిందికి జారి, ఆ రోజుకు తెరవని దుకాణాన్ని అప్పుడే మూసేసింది.

ఆ ముఖం నిమిషానిది.

నిమిషం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. గడియారాలు బాగుచేసే ఆ మనిషి ఎవరు ఏమడిగినా తల ఎత్తకుండా "ఒక్క నిమిషం" అనేవాడు. కొన్ని గడియారాల విషయంలో ఆ నిమిషం చలికాలంలో మొదలై ఎండాకాలం దాకా సాగేది. వీధి జనం పేరు పెట్టడంలో ఆలస్యం చేయలేదు. గడియారాలు తిరిగి తీసుకోవడంలోనే వారికి ఆలస్యమయ్యేది.

ఇద్దరిదీ ఒకటే దుకాణం. రైలుపెట్టెలా పొడవుగా, ఇరుకుగా ఉండే గది. మధ్యలో నిలువెత్తు అద్దం అడ్డు. అటువైపు గడియారాలు, ఇటువైపు కళ్లజోళ్లు. షట్టరు ఒకటే, పంకా ఒకటే; అది ఇటు తిరిగినప్పుడు అటు ఉక్కపోసేది. వయసులు యాభైకి దగ్గరపడేదాకా ఆ అద్దానికి ఇటొకరూ అటొకరూ కూర్చున్నారు. అన్నేళ్లలోనూ నిమిషం కళ్లజోళ్లాయనను అడగకుండా చేసిన పని లేదు. చొక్కా గళ్లది కొనాలా, చారలదా, పన్ను పీకించుకోవాలా, ఉంచుకోవాలా, వంటింటికి ఏ రంగు వేయాలి, కూతురు ఏం చదవాలి: అన్నిటికీ అద్దం మీద వేలితో టకటకా కొట్టి, "ఏరా, ఏం చేయమంటావు?" అనేవాడు. కళ్లజోళ్లాయన అడిగినవారికి ఒక సలహా, అడగనివారికి రెండు సలహాలు ఇచ్చే ఉదారుడు. నిమిషానికి మాత్రం ముందు పీఠిక, తర్వాత లాభనష్టాలు, చివర తీర్పు, ఇలా పద్ధతిగా చెప్పేవాడు. ఆ పద్ధతి ఫలితంగా నిమిషం ఇంట్లో వంటగది బూడిదరంగులో ఉంది, నోట్లో ఒక పన్ను తక్కువగా ఉంది, కూతురు కాలేజీలో తనకు ఇష్టంలేని లెక్కల తరగతిలో ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నాడు కళ్లజోళ్లాయన.

"బండి."

"అది తెలుస్తూనే ఉంది. ఎవరిది?"

"నాదే."

"నీదేంటి? ఎవరైనా బాగుచేయమని ఇచ్చారా? దాన్లో గడియారం ఉందా?"

"గడియారం ఉంది. కానీ అది బాగానే నడుస్తోంది," అన్నాడు నిమిషం, కాస్త గర్వంగా. "కొన్నాన్రా. నిన్ననే."

కళ్లజోళ్లాయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. అది కూరగాయల సంచి తగిలించుకుని ఇంటికి వెళ్లే రకం బండి కాదు. ముక్కు ముందుకు పొడుచుకువచ్చి, వెనుక భాగం తేలులా పైకి లేచి, ఎవరినో కుట్టబోతూ ఆఖరి క్షణంలో మనసు మార్చుకున్నట్టుంది. హ్యాండిలు ఎక్కడో కింద, ముందు చక్రానికి పొరుగున ఉంది. పందేలలో తిరిగే కుర్రకారు మాత్రమే ఎక్కే ఆ యంత్రం మీద గళ్లచొక్కా వేసుకుని, మెడలో భూతద్దం వేలాడుతూ, తన మిత్రుడు కూర్చుని ఉన్నాడు.

"జీవితంలో సైకిలు తప్ప ఏదీ తొక్కనివాడివి. మొదటి బండే ఇదా?"

"మొదటిదే కదా, బాగున్నది కొనుక్కోవాలనిపించింది."

"ఈత రానివాడు బక్కెట్టుతో మొదలుపెడతాడురా. నువ్వు ఓడ మీంచి దూకావు."

"ఒక్క నిమిషం," అని నిమిషం షట్టరు ఎత్తి, లోపలికి వెళ్లి, భూతద్దం కంటికి బిగించుకున్నాడు. సంభాషణ ముగిసింది.

కళ్లజోళ్లాయన తన కుర్చీలో కూర్చుని, శుభ్రంగానే ఉన్న అద్దాలను మళ్లీ తుడవసాగాడు. బండి వేగం, బండి ఎత్తు, నిమిషం వయసు, వీటన్నిటి గురించి ఆయనకు దిగులు కలిగింది. ఆ దిగులు నిజమైనదే. కానీ వాటన్నిటి కిందా, ఎవరికీ చూపించుకోలేని చోట, మరొకటి ముల్లులా గుచ్చుకుంటోంది. చొక్కా కొనడానికి అడిగాడు. పన్ను పీకించుకోవడానికి అడిగాడు. దీనికి మాత్రం అడగలేదు.

మధ్యాహ్నం నిమిషం భార్య క్యారియరు తీసుకుని వచ్చింది. మామూలుగా ఆమె గడియారాల వైపు వెళ్లి క్యారియరు పెట్టి, ఇటు తిరిగి "బాగున్నారా అన్నయ్యగారూ" అని వెళ్లిపోయేది. ఆ రోజు తిన్నగా ఇటే వచ్చి, కళ్ల పరీక్ష కుర్చీలో కూర్చుంది.

"మీరు కూడా ఇలా చేస్తారనుకోలేదు అన్నయ్యగారూ."

"నేనేం చేశానమ్మా?"

"ఆయనకేం తెలుసు, చక్రాలూ స్ప్రింగులూ తప్ప? మీరైనా ఆలోచించాలి కదా. ఆ దెయ్యం బండి కొనమని చెప్పడానికి మీకు నోరెలా వచ్చింది?"

కళ్లజోళ్లాయన చేతిలోని అద్దం జారి ఒళ్లో పడింది.

"నేను... కొనమన్నానని..."

"ఆయనే చెప్పారు. 'వాడితో అన్నీ మాట్లాడాను, వాడు బాగా ఆలోచించి సరే అన్నాడు' అన్నారు. మీ మాట అన్నాక ఇక నేను కాదనేదేముంది? ఊరుకున్నాను. కానీ రాత్రి కన్ను మూతపడితే ఒట్టు."

కళ్లజోళ్లాయన అద్దంలోంచి అటు చూశాడు. అటువైపు నిమిషం బల్ల మీదికి మామూలు కన్నా బాగా కిందికి వంగి ఉన్నాడు. ఇంకాస్త వంగితే ముక్కు గడియారంలో ఇరుక్కునేట్టున్నాడు.

గొంతులో వెలక్కాయ పడడమంటే ఏమిటో కళ్లజోళ్లాయనకు ఆ క్షణాన విశదంగా తెలిసింది. నిజం చెప్పడానికి అడ్డేమీ లేదు: "నన్ను అడగలేదమ్మా" అంటే చాలు. చిన్న వాక్యం. కానీ ఆ వాక్యం నోటివెంట వస్తే, తన ప్రమేయం లేకుండా ఆ ఇంట్లో ఒక పెద్ద నిర్ణయం జరిగిపోయిందనీ, జరగగలదనీ ఒప్పుకున్నట్టే. రేపు ఈమె పొరుగింటావిడకు చెబుతుంది. ఆవిడ దర్జీకి చెబుతుంది. దర్జీకి చెప్పాక ఎవరికీ ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. ఇన్నేళ్ల పలుకుబడి ఒక మధ్యాహ్నంలో నీళ్లపాలు. ఒక అద్దాన్ని తుడిచేంతసేపు ఆయన ఆలోచించాడు. తర్వాత అద్దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, గంభీరంగా అన్నాడు:

"అన్నీ ఆలోచించే చెప్పానమ్మా."

ఆమె నిట్టూర్చి లేచింది. "మీ మీదే భారం అన్నయ్యగారూ. ఆయనకేమైనా అయితే నేను ముందు మిమ్మల్నే అడుగుతాను," అని, క్యారియరు ఇటే వదిలేసి వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగాక కళ్లజోళ్లాయన క్యారియరుతో సహా అటు వెళ్లాడు.

"నా పేరెందుకు చెప్పావురా?"

"నీ పేరు చెప్తే ఇంట్లో ఎదురుండదు కదా," అన్నాడు నిమిషం, తల ఎత్తకుండా.

"నన్ను అడగనేలేదు!"

"అడిగితే ఏమంటావు?"

"వద్దంటాను."

"నువ్వు వద్దంటే నేను కొనలేను. నాకేమో అది కావాలి. మరేం చేయమంటావు?"

ఆ తర్కంలో వేలు పెట్టడానికి కళ్లజోళ్లాయనకు ఎక్కడా సందు దొరకలేదు. తన మాటకు ఇంత విలువ ఉందని తెలిసి సంతోషించాలో, ఆ విలువ తనతో పనిలేకుండానే చలామణీ అవుతున్నందుకు ఏడవాలో తెలియక, క్యారియరు బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

వారం తిరక్కుండానే వీధి మొత్తానికి విషయం తెలిసిపోయింది. దర్జీ కొలతలు తీసే టేపు మెడలో వేసుకుని వచ్చి, "బండి మీరే కొనిపించారటగా! మీలో ఇంత సరదా ఉందని తెలీదు సుమండీ," అని భుజం తట్టి వెళ్లాడు. కళ్లజోడు కాడ విరిగి వచ్చిన ఒక గుమాస్తా, కాడ సంగతి పక్కన పెట్టి, "నేను కూడా ఒక బండి చూస్తున్నాను సార్. ఇంజను ఎంతుంటే బాగుంటుందంటారు?" అని అడిగాడు. బస్సు తప్ప మరో వాహనం ఎక్కని కళ్లజోళ్లాయన ఆ గుమాస్తాకు ఇంజన్ల గురించి పీఠికతో సహా చెప్పాడు. చెప్పేటప్పుడు బాగానే ఉంది. గుమాస్తా వెళ్లాక మాత్రం తన గొంతు తనకే పరాయిదిగా వినిపించింది.

ఇక నిమిషం స్వారీ విషయానికి వస్తే, అది లోకం ఊహించినట్టు సాగలేదు. అటువంటి బండి ఎక్కినవారెవరైనా మొదటి రోజే నడుం పట్టేసి మూలుగుతారు. ముందుకు వంగి, చేతుల మీద బరువు మోపి, మెడ పైకెత్తి కూర్చోవాలి మరి. నిమిషానికి నొప్పి అన్నదే తెలియలేదు. ఇన్నేళ్లూ బల్ల మీదికి వంగి వంగి, అతడి వెన్ను ఆ బండి కోసమే ఎవరో కొలతలిచ్చి చేయించినట్టు తయారైంది. నిటారుగా ఉండే కుర్చీలే అతణ్ణి ఇంతకాలం బాధపెట్టాయి. "ఇంత సుఖంగా నేనెప్పుడూ కూర్చోలేదురా," అని అతడు నిజాయితీగా చెప్పాడు. క్లచ్చు సంగతి మరీ విడ్డూరం. వెంట్రుకలాంటి స్ప్రింగును పట్టకారుతో ఎత్తి పెట్టే వేళ్లు కావడంతో, ఆ వేళ్లు క్లచ్చును ఎంత సున్నితంగా వదిలేవంటే, బండి కదిలిందో లేదో తెలుసుకోవడానికి పక్కనున్న గోడను చూడాల్సి వచ్చేది. లైసెన్సు పరీక్షలో ఎనిమిది అంకె ఆకారంలో తిప్పమంటే, కాలు కింద పెట్టకుండా అతి నెమ్మదిగా తిప్పి, చూస్తున్నవారి చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. చూపు బాగానే ఉందని కాగితం మీద తానే రాసి సంతకం పెట్టాడు. అబద్ధమాడే మనిషి కాదు, అలాగే నమ్మాడు.

వేగంతో చచ్చిపోతాడని అందరూ భయపడిన మనిషి, వేగం అంటే ఏమిటో తెలియకుండా ఊరేగుతున్నాడు. ఒకరోజు అతడి కూతురు కాలేజీ సంచితో దుకాణంలోకి వచ్చి, కళ్లజోళ్లాయన బల్ల మీద మోచేతులు ఆనించింది.

"మామయ్యా, మీరు నాన్నకి ఆ బండి కొనమని చెప్పడం తప్పు."

"అదేంటమ్మా?"

"ఇంటి దగ్గర ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. ఆయన బండి మీద, నేను నడిచి. ఇదిగో, నేను వచ్చేశాను. ఆయన ఇంకా దారిలో ఉన్నారు. ఆ బండి పరువు తీస్తున్నారు మామయ్యా. దానికి నోరుంటే ఏడ్చేది."

"నెమ్మదిగా వెళ్తే మంచిదే కదా."

"నెమ్మదా! నిన్న చంటిపిల్లని తోపుడుబండిలో తోసుకెళ్తున్నావిడ హారన్ కొట్టలేక 'కాస్త జరగండి' అని అడిగింది."

కళ్లజోళ్లాయన నవ్వాడు కానీ, ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఈమధ్య వీధిలో ఆ ఇంజను చప్పుడు వినిపించేదాకా ఆయనకు చేతిలో పని సాగడం లేదు. రోజూ ఉదయం ఏదో వంకతో మెట్ల మీదికి వచ్చి నిలబడేవాడు. తాను చెప్పని మాటకు తాను పూచీ పడ్డాడు. ఆ బండి ఎలాగైనా పోవాలి. కానీ అది తన మాట తప్పు అనిపించకుండా పోవాలి. ఈ రెండూ ఒకేసారి జరిగే ఉపాయం మాత్రం, వీధిలో ఎవరికైనా అయితే చిటికెలో చెప్పేవాడు కానీ, తనకు తట్టలేదు.

ఉపాయం దానంతట అదే వచ్చింది, ఒక బట్టల దుకాణం ముందు.

ఆ రోజు అద్దాలు కోయించుకురావడానికి కళ్లజోళ్లాయన ఊరి అవతల ఉన్న కార్ఖానాకు వెళ్లాలి. బస్సులు లేవు, డ్రైవర్లేదో గొడవలో ఉన్నారు. "ఎక్కరా, నేను దించుతాను," అన్నాడు నిమిషం. వీధిలో నలుగురూ చూస్తున్నారు. తాను కొనిపించిన బండిని తానే ఎక్కనంటే బాగుండదు. వెనుక సీటు అనబడేది పలకంత ఉంది, ముందు సీటు కన్నా మూరెడు ఎత్తున ఉంది. మోకాళ్లు చెవుల దగ్గరకు రాగా, నిమిషం తల మీదుగా లోకాన్ని చూస్తూ, ఒంటె మీద ఊరేగుతున్న పెళ్లికొడుకులా కళ్లజోళ్లాయన బయల్దేరాడు. సైకిళ్లు దాటిపోయాయి. ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ చాలాసేపు పక్కనే నడిచి, విసుగుపుట్టి ముందుకు వెళ్లిపోయాడు.

బట్టల దుకాణాల వీధిలోకి తిరిగాక, ఖాళీ రోడ్డు మీద నిమిషం ఉన్నట్టుండి బండి ఆపాడు. ఎడమ చెయ్యి ఎత్తి, మర్యాదగా ముందుకు చూపిస్తూ, "వెళ్లండమ్మా, వెళ్లండి," అన్నాడు.

కళ్లజోళ్లాయన అటు చూశాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఆవిడ రోడ్డు దాటాలని నిలబడింది పాపం. నేను ఆగాను. అయినా కదలదేం?"

"ఏ ఆవిడ?"

"అదుగో, పచ్చ చీరావిడ."

పచ్చ చీరావిడ కాలిబాట అంచున, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, మెడకు ఖరీదు చీటీ వేలాడుతూ, ఇద్దరినీ చూసి చిరునవ్వు నవ్వుతోంది. పొద్దున్న దుకాణం తెరిచినప్పటి నుంచి అలాగే నవ్వుతోంది.

"ఒరేయ్," అన్నాడు కళ్లజోళ్లాయన. "అది బొమ్మరా."

"అవునా?" నిమిషం కళ్లు చికిలించాడు. "దగ్గరికెళ్తే గానీ తెలీదు."

"మరి ఎదురుగా వచ్చేవి లారీలో, బస్సులో, నీకెలా తెలుస్తుంది?"

"దగ్గరికొచ్చాక తెలుస్తుంది కదా," అన్నాడు నిమిషం, అదేం ప్రశ్న అన్నట్టు. "అందుకే నెమ్మదిగా వెళ్తాను."

కళ్లజోళ్లాయనకు ఒళ్లు జలదరించింది. ఆ జలదరింపు పలకంత సీటు మీద నుంచి బండికి పాకింది. నిమిషం ఎడమ కాలు నేలను వెతికింది. అక్కడ రోడ్డు వాలుగా ఉండి, నేల ఉండాల్సిన చోట లేదు. బండి ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. దాని స్వారీ లాగే దాని పతనం కూడా తాపీగా సాగింది. ఇద్దరికీ "అయ్యో" అనుకోవడానికీ, దాన్ని పైకి అనడానికీ సరిపడా సమయం దొరికింది. బండి కొత్త ముక్కు కాలిబాట అంచుకు రాసుకుని ఆగింది. దెబ్బలేమీ తగల్లేదు. పచ్చ చీరావిడ నవ్వు చెక్కుచెదరలేదు.

దుమ్ము దులుపుకుంటూ కళ్లజోళ్లాయన మిత్రుడి ముఖంలోకి మొదటిసారి వృత్తిరీత్యా చూశాడు. ఊళ్లో సగంమంది ముక్కుల మీద తన చేతి అద్దాలున్నాయి. ఎదురుగా, ఒక అద్దం అవతల, ఇన్నేళ్లు కూర్చున్నవాడి కళ్లు మాత్రం తాను ఒక్కసారీ చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు: నిమిషం చూసేవన్నీ జానెడు దూరంలోనే ఉండేవి, కళ్లజోళ్లాయన కూడా వాటిలో ఒకడు.

మరునాడు నిమిషం భార్య మళ్లీ వచ్చింది. ఈసారి క్యారియరు లేదు. బండి మీద గీతలు చూసి వచ్చింది. కథ దర్జీ దగ్గర విని వచ్చింది. నిమిషం పరీక్ష కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆమె కళ్లజోళ్లాయనను గుమ్మం దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించింది.

"అన్నయ్యగారూ, దేవుడిచ్చిన అవకాశం. 'నీ కళ్లు బండికి పనికిరావు' అని ఒక్క మాట అనండి. మీ మాటే కదా ఆయనకి వేదం. రేపే అమ్మేస్తారు."

"నిజంగా పనికిరాకపోతే..."

"అబద్ధం చెప్పమనడం లేదు. కనిపించడం లేదు కదా! అదే అనండి. మీరు కొనమన్నందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. అప్పుడు కళ్లు బాగున్నాయి, ఇప్పుడు లేవు. అంతే."

కళ్లజోళ్లాయన ఆమె వైపు గౌరవంగా చూశాడు. తనకు ఇన్ని రోజులూ తట్టని ఉపాయాన్ని ఆమె గుమ్మంలో నిలబడి ఇస్త్రీ మడతలా చేతిలో పెట్టింది. బండి పోతుంది, పలుకుబడి ఉంటుంది, పైగా మిత్రుడు అద్దం మీద వేలితో కొట్టి, "ఏరా, ఏం చేయమంటావు?" అని మళ్లీ అడిగే రోజులు తిరిగి వస్తాయి. ఒక్క మాట. ఆయన ఆ మాట సిద్ధం చేసుకుని లోపలికి వెళ్లాడు.

గది చివరి గోడ మీది అక్షరాల పటంలో నిమిషం పై రెండు వరుసలు చదివి, మూడో వరుస దగ్గర, "చీమలు పాకుతున్నట్టున్నాయి," అన్నాడు. కళ్లజోళ్లాయన పరీక్ష ఫ్రేమును అతడి ముక్కు మీద పెట్టి, ఒక అద్దం వేశాడు, తీసి మరొకటి వేశాడు.

"ఇది బాగుందా? ఇదా?"

"నీకేది బాగుందనిపిస్తే అది వెయ్యరా."

"నాకెలా తెలుస్తుంది? కళ్లు నీవి."

"అయినా నువ్వు చెప్తే..."

"నేను చెప్పేది కాదురా ఇది! నువ్వు చూసి చెప్పాలి. మొదటిదా, రెండోదా?"

ఇలా అన్నాక కళ్లజోళ్లాయన చెయ్యి అద్దంతో గాల్లోనే కాసేపు ఆగింది. ధర్మదేవత ఆయన చెవిలో ఏదో ఊదిందని ఎవరూ పొంగిపోనవసరం లేదు. రోజుకు పదిమందిని అడిగే ప్రశ్న, నోటికి అలవాటైనది. కానీ ఆ కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ, బట్టల మూటలు మోసేవాడి నుంచి జడ్జి దాకా, ఆ ప్రశ్నకు తానే జవాబు చెప్పాడు. కళ్లజోళ్లాయన ఎవరి బదులూ చెప్పలేదు. ఆ కుర్చీలో అబద్ధం అమర్చడానికి ఆయన చేతులు మొరాయించాయి. నోరు సిద్ధంగానే ఉంది. చేతులే మాట వినలేదు.

నిమిషం చాలాసేపు ఆలోచించాడు. అతడి నుదుట చెమట పట్టింది. చివరికి, "రెండోది," అన్నాడు. తర్వాత ఎవరూ అడగకుండానే, "కచ్చితంగా రెండోది," అన్నాడు.

ఫ్రేముతోనే అతణ్ణి గుమ్మం దగ్గరికి నడిపించి, వీధి చూపించడం పరీక్షలో ఆఖరి భాగం. నిమిషం మెట్ల మీద నిలబడి ఎదుటి మేడ వైపు చూశాడు. అతడి నోరు తెరుచుకుంది.

"ఆ మేడ మీద గడియారం ఉందేంట్రా!"

"ఎప్పటినుంచో ఉంది."

"తప్పు నడుస్తోంది! ఇన్నాళ్లూ నా కళ్లెదుట ఒక గడియారం తప్పు నడుస్తుంటే ఒక్కడూ చెప్పలేదా?" తర్వాత వీధి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, తిరిగి, మిత్రుణ్ణి ఎగాదిగా పరికించాడు. "నువ్వేంట్రా, దూరం నుంచి ఇంత ముసలాడివైపోయావు?"

భార్య కళ్లజోళ్లాయన నోటి వైపే చూస్తోంది.

"కళ్లకేం లేదమ్మా," అన్నాడాయన. "దూరపు సైటు. అద్దాలు పెట్టుకుంటే ఏ బండైనా నడపొచ్చు."

ఆమె ఆ తర్వాత ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. కళ్లజోడు తయారై వచ్చిన రోజున మాత్రం, ఏదో అనుమానంతో, ఆమె కూడా దుకాణానికి వచ్చి మెట్ల మీద నిలబడింది. నిమిషం కొత్త కళ్లజోడు మీద హెల్మెట్టు జాగ్రత్తగా తొడుక్కున్నాడు, బండి ఎక్కాడు, వీధి చివర దాకా తేటగా చూశాడు. అక్కడ లారీ లేదు, బస్సు లేదు, చీర కట్టిన బొమ్మ లేదు. అక్కడ ఏమీ లేదన్న సంగతి అతడికి ఇంత దూరం నుంచి తెలియడం అదే మొదటిసారి.

క్లచ్చు ఎప్పటిలాగే మెత్తగా వదిలాడు. ఆ తర్వాత జరిగినది ఎప్పటిలాంటిది కాదు. కొన్న రోజు నుంచి గొంతు నొక్కిపెట్టుకుని బతుకుతున్న ఆ ఇంజను ఒక్కసారిగా నోరు విప్పింది. దర్జీ కుట్టుమిషను మీంచి లేచి బయటికి వచ్చాడు. గళ్లచొక్కా వీపు గాలికి ఉబ్బి, చిన్నదై, ఒక చుక్కై, మలుపు దగ్గర ఒక పక్కకు సొగసుగా వంగి మాయమైంది.

మెట్ల మీద ఇద్దరూ అలాగే ఉండిపోయారు. తాను నిజాయితీగా అమర్చిన ఆ రెండు అద్దాలే మిత్రుడి వేగానికి ఉన్న ఒకే ఒక్క కళ్లేన్ని తెంచేశాయని కళ్లజోళ్లాయనకు కాస్త ఆలస్యంగా అర్థమైంది. ఆమె తనవైపు తిరగడం ఆయన చూడకుండానే గ్రహించాడు.

"అమ్మా," అన్నాడు. "నేను కొనమనలేదు. నన్ను అసలు అడగనేలేదు. అడక్కుండా కొనుక్కున్నాడు."

చెప్పేశాడు. ఇన్నాళ్లూ గొంతులో ఉన్నది బయటపడింది. తల దించుకుని, పడబోయే దెబ్బకు సిద్ధంగా నిలబడ్డాడు.

ఆమె పెదవి విరిచింది. "ఇప్పుడు తప్పించుకోకండి అన్నయ్యగారూ. చొక్కా గుండీ ఊడితే మిమ్మల్నడిగి కుట్టించుకునే మనిషి. మీరు చెప్పకుండా ఆయన బండి కొన్నారంటే చిన్నపిల్ల కూడా నమ్మదు."

"నిజమమ్మా. ఒట్టు."

"పెద్దవాళ్లు మీరు. ఒట్లు పెట్టుకోకండి."

ఆయన తన పలుకుబడి ఇంత గట్టిదని ఏనాడూ అనుకోలేదు. దాన్ని తానే పగలగొట్టబోయినా పగలడం లేదు.

వీధి రెండో చివర నుంచి చప్పుడు మళ్లీ మొదలైంది. ఊరు చుట్టి వచ్చిన నిమిషం మెట్ల ముందు బండిని గీత గీసినట్టు ఆపాడు. కాలు నేలను తడుముకోలేదు, చూసుకుని దిగింది. హెల్మెట్టు అద్దం పైకెత్తాడు. లోపల, కొత్త అద్దాల వెనుక, కళ్లు మెరుస్తున్నాయి. భార్యను చూసి కొంచెం జంకి, కళ్లజోళ్లాయన వైపు తిరిగాడు.

"ఏరా, ఇంకో చుట్టు వెళ్లిరానా?"

అడిగాడు. ఆ బండి గురించి ఆ మనిషి ఆయనను అడగడం అదే మొదలు. కళ్లజోళ్లాయన ఛాతీ తనకు తెలియకుండానే కొంచెం విచ్చుకుంది. గొంతు సవరించుకున్నాడు.

"చూడరా, వెళ్లడం అన్నది రెండు రకాలు. మొదట నువ్వు గమనించాల్సింది రోడ్డు వాలు. అది కాక మలుపులున్నాయి, ఆ మలుపుల్లో మళ్లీ..."

హెల్మెట్టు అద్దం కిందికి పడింది. పొగ కాస్త మెట్ల మీదికి వచ్చింది. కళ్లజోళ్లాయన దాన్ని చేత్తో తోసుకుంటూ, ఖాళీ రోడ్డు వైపే చూస్తూ, మలుపుల్లో వంగే పద్ధతీ, వంగకూడని పద్ధతీ చెబుతూనే ఉన్నాడు.

"వెళ్లిపోయారు అన్నయ్యగారూ," అంది ఆమె.

"తెలుసమ్మా," అన్నాడాయన, "ఇంకా బ్రేకుల సంగతి ఉంది."